కొండాపూర్ గృహాలలో అయాచిత కరపత్రం: నిరాకరణ హక్కు ఎవరిది?

కోరకుండానే ఇల్లు చేరే వాణిజ్య కరపత్రంపై ఐరోపా దేశాలలో జరిగే చర్చకు తపాలా పెట్టె కేంద్రం. ఆమ్‌స్టర్‌డామ్ నగరం 2018 జనవరి 1 నుండి, పెట్టెపై ‘అవును’ అని అంటించిన ఇళ్లకే కరపత్రాలు వేయాలన్న నియమాన్ని అమలుచేసింది. 2021లో ఆ దేశ సర్వోన్నత న్యాయస్థానం దానిని సమర్థించింది. అక్కడ నిర్ణయాధికారం గృహస్థునిది.

కొండాపూర్‌లో స్థితి వేరు. ఇక్కడ కరపత్రానికి ప్రధానంగా మూడు దారులు: దినపత్రిక మడతలో, విడి ఇంటి గేటు సందులో, గేటెడ్ కమ్యూనిటీలో సంఘం అనుమతితో. వచ్చిన దారిని బట్టే దానిపట్ల వైఖరి ఏర్పడుతుందని ఈ వ్యాస ప్రతిపాదన. పత్రికతో వచ్చినది పరిచితుడైన పేపరు కుర్రవాని చేతిమీదుగా వస్తుంది కనుక చొరబాటుగా తోచదు. చదివినా చదవకపోయినా పాత కాగితాలతో కలిసి తూకానికి పోతుంది. గేటు సందులో గుచ్చినది మాత్రం అపరిచితుని రాకకు గుర్తు. ఇంట లేని రోజులలో అది పేరుకుపోతే ఇల్లు ఖాళీ అని చాటుతుంది. గేటెడ్ కమ్యూనిటీలో నిరాకరణ గృహస్థుని నుండి కావలివానికి, సంఘానికి బదిలీ అవుతుంది.

ఈ బదిలీ అందరిపై సమానంగా పనిచేయదు. రుసుము చెల్లించి ఆవరణలో స్టాల్ పెట్టగల స్థిరాస్తి సంస్థకు ప్రవేశం సులభం. ట్యూషన్ చెప్పే గృహిణికి, కర్రీ పాయింట్ నడిపే కుటుంబానికి గేటే హద్దు. కరపత్రం వీరికి అతి చౌకైన ప్రచార సాధనమన్నది గమనార్హం.

చట్టం కూడా గ్రహీతను పట్టించుకోలేదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఎ సెక్షన్ ఎన్నికల కరపత్రంపై ముద్రాపకుని, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు ఉండాలంటుంది. అందుకొనేవాని సమ్మతి ప్రసక్తి అందులో లేదు. వాణిజ్య ఫోన్ పిలుపులను 1909 సంఖ్య ద్వారా నిరాకరించవచ్చు. కాగితానికి అటువంటి నమోదు వ్యవస్థ లేదు.

కావున కొండాపూర్‌లో గృహస్థుని మౌనాన్ని అంగీకారంగా గాని, సంఘం నిషేధాన్ని నివాసులందరి అభిమతంగా గాని లెక్కించరాదు. ఈ అంశంపై క్షేత్ర పరిశోధన చేసేవారు ‘కరపత్రం మీకు ఇష్టమా?’ అని అడగడానికి ముందు, ‘వద్దనే అవకాశం మీకున్నదా?’ అని అడగవలసి ఉంటుంది.