విహార నౌకల్లో వికలాంగుల హక్కులు

వికలాంగుల పట్ల వివక్షను నిషేధిస్తూ అమెరికా 1990లో చేసిన చట్టం, బహామాస్ వంటి విదేశాల్లో నమోదై అమెరికా రేవుల నుంచే ప్రయాణికులను ఎక్కించుకునే విహార నౌకలకు వర్తిస్తుందా అన్న ప్రశ్న చాలాకాలం తేలలేదు. అదనపు రుసుములు వసూలు చేశారనీ, ప్రమాద సమయంలో తప్పించుకునే ఏర్పాట్లు తమకు అందుబాటులో లేవనీ కొందరు వికలాంగులు నార్వేజియన్ క్రూయిజ్ లైన్ సంస్థపై వేసిన దావాలో, అమెరికా జలాల్లో ఉన్న విదేశీ నౌకలకూ ఆ చట్టం వర్తిస్తుందని 2005లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే అంతర్జాతీయ భద్రతా నియమాలకు భంగం కలిగించే మార్పులు చేయనక్కర లేదని మినహాయించింది.

ఈ మినహాయింపు అర్థరహితమైనది కాదు. నీరు లోపలికి రాకుండా నౌకల్లో కొన్ని గుమ్మాలకు పెట్టే ఎత్తైన గడపలు చక్రాల కుర్చీకి అడ్డమే అయినా, వాటిని ఇష్టానుసారం తొలగించడం కుదరదు. అసలు చిక్కు రేవు లోతు చాలని చోట వస్తుంది: నౌక దూరంగా లంగరు వేసి, ప్రయాణికులను చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తుంది, అలలకు ఊగే ఆ పడవలోకి బరువైన విద్యుత్ కుర్చీని దించడం చాలాసార్లు సాధ్యపడదు.

ఐరోపా సమాఖ్యలో 2012 డిసెంబరు నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం రేవుల్లోనూ నౌకల్లోనూ సహాయం ఉచితం. అందుకు సాధారణంగా 48 గంటల ముందే తెలియజేయాలి. ప్రత్యేక గది కావలసినవారు మాత్రం టికెట్టు కొనేటప్పుడే చెప్పాలి.