ఉద్యోగ ఖాళీలకును తనిఖీ బల్ల కావలెను

మన సహకార సంఘములలో సభ్యుడు నేసి తెచ్చిన చీరను తనిఖీ బల్లపై పరచి చూడనిదే కొనుట జరుగదు. పొడవు, పన్నా కొలిచెదరు. అంగుళమునకు పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని యని అద్దము పెట్టి లెక్కించెదరు. 80 నంబరు నూలని చెప్పి 60 నంబరు వేసినచో అనుభవముగల వానికి చేతితో తాకగానే తెలిసిపోవును. ఒక చీర విషయమున ఇంత జాగ్రత్త వహించు మనము, పిల్లల బ్రతుకునకు సంబంధించిన ఉద్యోగ ప్రకటనను ఎవరు పరీక్షించుచున్నారో విచారించుట లేదు.

ధర్మపురి జిల్లా 1965 అక్టోబరు 2న సేలం నుండి విడివడి ఏర్పడినది. 2004లో కృష్ణగిరి దాని నుండి వేరైనది. వాన నమ్ముకొన్న సేద్యము, అంతంత మాత్రపు మగ్గము రాబడి. కనుక ఇచటి యువకులు హోసూరు ఫ్యాక్టరీలకో, బెంగుళూరునకో, తిరుప్పూరు బనియను కంపెనీలకో పోవుట పరిపాటి. పూర్వము ఈ కబురు బంధువుల ద్వారానో మేస్త్రీ ద్వారానో వచ్చెడిది. ఇప్పుడు సెల్‌ఫోనులో వచ్చుచున్నది. కేంద్ర ప్రభుత్వము 2015 జూలై 20న నేషనల్ కెరీర్ సర్వీస్ అను వెబ్‌సైటును ప్రారంభించినది. తమిళనాడు ప్రభుత్వము 2020 జూన్‌లో ప్రైవేటు ఉద్యోగముల కొరకే వేరొక వెబ్‌సైటు తెరచినది. రెండింటను ఉద్యోగార్థి పైస చెల్లింపనక్కరలేదు. ఇది మెచ్చుకొనదగిన పని. కాని చిక్కు కూడ ఇచటనే యున్నది. ప్రభుత్వ ముద్ర కనిపించిన చోట మనవారు రెండవ ప్రశ్న వేయరు.

ఖాళీల సంగతి ప్రభుత్వమునకు తెలుపవలెనను నియమము క్రొత్తది కాదు. 1959 నాటి చట్టము 1960 మే 1 నుండి అమలులోనికి వచ్చి, ప్రభుత్వ రంగ సంస్థలన్నియు, 25 మంది గాని అంతకు మించి గాని పనిచేయు ప్రైవేటు సంస్థలును తమ ఖాళీలను ఉపాధి కార్యాలయమునకు తెలుపవలెనని శాసించినది. తెలుపనిచో మొదటి తప్పునకు 500 రూపాయల వరకు జరిమానా. ఆ చట్టము స్థానమున 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి వచ్చి 2025 నవంబరు 21 నుండి అమలులో నున్నది. తెలుపుట విధి, ఆ కార్యాలయము పంపిన వారినే తీసికొనుట విధి కాదు అను సూత్రము మాత్రము మారలేదు. ఈ సూత్రములోనే మన బాధ సగమున్నది. ఇచ్చుటకు ఉద్దేశము లేని ఉద్యోగమును సైతము లెక్కకు ప్రకటింపవచ్చును. నిండిపోయిన ఖాళీని తీసివేయక అట్లే యుంచవచ్చును. పైగా కేంద్ర వెబ్‌సైటు ప్రైవేటు ప్రకటన సంస్థలతో ఒప్పందములు చేసికొని వారి ఖాళీలను కూడ చేర్చుకొనుచున్నది. అట్టి చోట తప్పు దొరలినచో బాధ్యత ఎవరిదని అడిగినను సమాధానము రెండు వాకిళ్ల మధ్య తిరుగును.

తనిఖీ లేనిచో ఏమగునో ఇంగ్లండు అనుభవము తెలుపుచున్నది. అచటి ప్రభుత్వము 2012 నవంబరులో యూనివర్సల్ జాబ్‌మ్యాచ్ అను వెబ్‌సైటు పెట్టినది. నిరుద్యోగ భృతి పొందువారు దానిలో వెదకవలెనని ఒత్తిడి యుండెను. కొలది వారములకే రహస్య గూఢచారి శాఖకు హంతకుడు కావలెనను వేళాకోళపు ప్రకటన అందు వెలసినది! నవ్వు వచ్చు సంగతే. కాని లేని ఉద్యోగము చూపి దరఖాస్తుదారుల సొంత వివరములు లాగు ప్రకటనలు కూడ బయటపడినవి. అది నవ్వులాట కాదు. పార్లమెంటు సభ్యుడు ఫ్రాంక్ ఫీల్డ్ దీనిపై గట్టిగా ప్రశ్నించెను. తుదకు 2018 మేలో దానిని మూసి మరొకటి తెరచిరి.

అంత దూరమేల? నూలు మిల్లుల సుమంగళి పథకమును మనవారు మరచియుండరు. కోయంబత్తూరు, తిరుప్పూరు, దిండిగల్లు ప్రాంతముల మిల్లులకు పేద జిల్లాల ఆడపిల్లలను మూడేండ్ల గడువుపై చేర్చుకొని, చివరను పెండ్లి ఖర్చులకు 30 వేలో 50 వేలో మొత్తముగా ఇత్తుమనిరి. నడుమ మానివచ్చిన పిల్లకు ఆ మొత్తము దక్కినది తక్కువ. హాస్టలు దాటి బయటకు పోనీయకుండుట, ఎక్కువ గంటల పని మొదలగు విషయములు 2011 నాటికే విదేశీ పరిశోధక సంస్థల నివేదికల కెక్కినవి. ఆ ప్రకటన కరపత్రములో అబద్ధమేమియు లేదు. ఉన్నది చెప్పకపోవుటయే. గంటలు చెప్పలేదు, మానినచో ఏమగునో చెప్పలేదు, నెల జీతమును శిక్షణ భత్యమను పేరిట చూపిరి. ఇట్టి ప్రకటన నేడు ప్రభుత్వ వెబ్‌సైటునకు వచ్చినచో ఏ గుమాస్తా ఆపగలడు? కంపెనీ నిజమైనది, ఖాళీ నిజమైనది, షరతులే గోప్యము. కావున సంస్థ ఉన్నదా లేదా యని చూచుటతో తనిఖీ ముగిసినదనుట, చీర పొడవు కొలిచి నూలు నంబరు చూడకుండుట వంటిది.

జీతము ఆ పనికి ప్రభుత్వము నిర్ణయించిన కనీస వేతనమునకు తగ్గకుండ ఉన్నదా, పని గంటలు వ్రాసిరా, పనిచేయు చోటు ఏ ఊరో స్పష్టముగా ఉన్నదా, ప్రావిడెంట్ ఫండు సంఖ్య సరియైనదా అని వెబ్‌సైటువారు ప్రకటనకు ముందే చూడవలెను. గడువు దాటిన ఖాళీ దానంతట అది తొలగిపోవలెను. ఎన్ని లక్షల ఖాళీలు చేర్చితిమని గొప్పగా చెప్పుకొనుచున్నారు. ఎందరు పనిలో చేరిరి, చేరినవారికి చెప్పిన జీతము ముట్టినదా యన్న లెక్కయే మాకు కావలసినది.

విదేశపు ఉద్యోగములకు మరింత జాగ్రత్త అవసరము. 2022లో కంప్యూటరు పనియని నమ్మి మయన్మారులోని మ్యావడి ప్రాంతమున చిక్కుకొన్న తమిళనాటి యువకులను విడిపించి తీసికొనిరావలసి వచ్చినది. విదేశాంగ శాఖవారి ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో రిజిస్టరయిన ఏజెంట్ల పట్టిక యున్నది. పాస్‌పోర్టు చేతికీయకముందే ఆ పట్టిక చూడవలెను.

సంఘ కార్యదర్శులు ఈ పనిలో తోడ్పడవచ్చును. ఊరి పిల్లవాడు చూపిన ప్రకటనను ఒకమారు చదివి, ఆ కంపెనీకి ఫోను చేసి అడుగుటకు పది నిమిషములు చాలును. రిజిస్ట్రేషనుకనో, యూనిఫారమునకనో ముందుగా డబ్బు అడిగినచో ఆ మాట వద్దనే ఆగవలెను. అనుమానపు ప్రకటనను పేజీతో సహా అచ్చు తీయించి జిల్లా ఉపాధి కార్యాలయమున ఇచ్చి రసీదు పుచ్చుకొనవలెను. అచట కదలిక లేనిచో సోమవారము కలెక్టరు కచేరీలో జరుగు అర్జీల దినమున ఇయ్యవచ్చును. డబ్బు పోయిన పక్షమున జాగు చేయక అదే గంటలో 1930 నంబరుకు ఫోను చేసినచో, అది ఇతర ఖాతాలకు మారకముందే బ్యాంకువారు ఆపుటకు వీలున్నది.