వీరకంఠము, హాస్యలేఖిని

సంగీతనాటక రంగమున మహావీరుల పాత్రలను ధరించుటకు వలసిన కంఠబలమును, భారీ విగ్రహమును పుష్కలముగా పొందియుండియు, తన్ను తాను చూచి నవ్వుకొనగల మనస్సును కడవరకు నిలుపుకొన్న గాయకులు అరుదు. అట్టివారిలో ఆస్ట్రియా దేశీయుడగు లియో స్లేజాక్ అగ్రగణ్యుడని నా నమ్మకము.

ఆయన 1873లో, నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యాంతర్గతమగు మొరావియాలో, పిండిమర నడుపుకొను వాని ఇంట జన్మించెను. కమ్మరపనియు, యంత్రములు బిగించు పనియు, సైనికసేవయు చేసిన పిమ్మటనే అడోల్ఫ్ రాబిన్సన్ యొద్ద గానాభ్యాసము సల్పి, 1896లో బ్రనో నగరమున వాగ్నరు కృతియగు ‘లోహెన్‌గ్రిన్’ నాయకుడుగా రంగప్రవేశము చేసెను. 1901లో, సంగీతకర్త మాలర్ మహాశయుడు అధిపతిగా నున్న వియన్నా ఆస్థాన నాటకశాలలో చేరి, అచటి ప్రజలకు కన్నులపండువయ్యెను. అంత కీర్తి గడించినవాడు మరల పారిస్ కేగి, సుప్రసిద్ధ గాయకుడగు జాన్ ద రెష్కే యొద్ద శిష్యుడై కూర్చుండుట ఎంతటి వినయము! 1909లో న్యూయార్కు మెట్రోపాలిటన్ రంగమున, టోస్కనీనీ వాద్యబృంద నిర్వహణమున, ఒథెల్లోగా పాడెను.

ఆయన గొప్పతనము గర్జనలో కంటె మార్దవమునందే నాకు ఎక్కువగా గోచరించును. గోల్డ్‌మార్క్ రచించిన ‘షీబా రాణి’లో, రాత్రివేళ ఉద్యానమున నాయకుడు పాడు గీతమును పాత గ్రామఫోను పలకపై వినుడు: అంతటి స్థూలకాయుడు తారస్థాయిని అందుకొనియు, స్వరమును బిగ్గరపరుపక, నూలుపోగువలె సన్నగిలజేసి నిలుపును.

ఆయన హాస్యమునందును ఈ తేలికదనమే కలదు. ‘లోహెన్‌గ్రిన్’ కడపట నాయకుడు ఎక్కి పోవలసిన హంసనావను, ఒకనాడు ఆయన ఎక్కకమునుపే తెరవెనుకవారు లాగివేయగా, తొట్రుపడక, తరువాతి హంస ఎన్ని గంటలకని అడిగెనని ప్రతీతి. నటుడైన ఆయన కుమారుడు వాల్టర్ 1962లో ఆ ప్రశ్ననే తన గ్రంథమునకు పేరుగా పెట్టుకొనెను.

గ్రంథకర్తగా లియో చేసిన చమత్కారము మరియొకటి. 1922లో వెలువడిన తొలి పుస్తకమునకే ‘నా సమగ్ర రచనలు’ అని పేరిడి, 1927లో రెండవదానికి ‘మాట తప్పుట’ అనియు, 1940లో మూడవదానికి ‘తిరుగబెట్టిన జబ్బు’ అనియు అర్థమిచ్చు పేర్లు పెట్టెను. నాటకశాలా జీవితపు చివరి దశనుండి చలనచిత్రములలో హాస్యపాత్రలు ధరించి, పాటవినని వారికిని ఆత్మీయుడయ్యెను.

1944లో భార్య ఎల్సా గతించెను. ఆయన 1946లో బవేరియాలోని ఎగెర్న్ గ్రామమున కన్నుమూసెను. తన జీవితమునే ఒక అద్భుతకథగా తలచి పేరిడిన ఆయన చివరి పుస్తకము 1948లో అచ్చయ్యెను.