గాలిలో మౌస్: తుపాకీ ఆటల్లోకి జైరో వచ్చిన దారి

2005 సెప్టెంబరులో టోక్యో గేమ్ షో వేదిక మీద నింటెండో అధ్యక్షుడు సతోరు ఇవాతా టీవీ రిమోట్‌ను పోలిన ఒక పరికరాన్ని బయటపెట్టారు. దానితోపాటు చూపిన వీడియోలో గేమ్ దృశ్యాల కంటే ఆడే మనుషులే ఎక్కువగా కనిపించారు. ఒకరు దాన్ని చేపల గాలంలా విసురుతున్నారు, మరొకరు కత్తిలా తిప్పుతున్నారు. షూటర్ గేమ్‌లంటే ప్రాణం పెట్టేవాళ్లకు ఆ రోజే ఒక ఆశ పుట్టింది. ఇక తెర మీది శత్రువు వైపు చెయ్యి చాపి నేరుగా గురిపెట్టవచ్చు! ఆ ఆశ తీరింది కానీ, అప్పుడు ఊహించిన రూపంలో తీరలేదు.

అంత ఆశ ఎందుకంటే, టీవీ ముందు కంట్రోలర్ పట్టుకుని ఆడేవాళ్లకు గురి అనేది ఎప్పుడూ కష్టమే. కంప్యూటర్ మీద ఆడేవాళ్లకు 1996లో వచ్చిన ‘క్వేక్’ నాటి నుంచి మౌస్ అలవాటైంది. చెయ్యి ఎంత జరిగితే చూపు అంత జరుగుతుంది, చెయ్యి ఆగితే చూపూ ఆగుతుంది. కంట్రోలర్ మీది స్టిక్ అలా కాదు. బొటనవేలితో దాన్ని నెట్టినంతసేపూ చూపు తిరుగుతూనే ఉంటుంది. మన చేతిలో ఉన్నది వేగం మాత్రమే, ఎక్కడ ఆగాలో లెక్క చూసుకుని సరైన క్షణంలో వదలాలి. అందుకే 2001లో వచ్చిన ‘హేలో’ లాంటి ఆటలు గురిగుర్తు శత్రువు దగ్గరికి రాగానే దాని వేగాన్ని తగ్గించి సాయం చేశాయి. కంట్రోలర్‌తో ఆడే షూటర్లు నేటికీ చాలావరకు ఈ సాయం మీదే నడుస్తున్నాయి. గురిలో కొంత భాగాన్ని ఆటే చేసిపెడుతోందన్నమాట.

2006 నవంబరులో వీ కన్సోల్ ఆ కొత్త రిమోట్‌తో అమెరికా దుకాణాల్లోకి వచ్చింది. రిమోట్ లోపల రెండు కళ్ల లాంటివి ఉన్నాయి. ఒకటి అనలాగ్ డివైసెస్ తయారుచేసిన యాక్సిలరోమీటర్. కారు గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాలని చెప్పేది ఈ జాతి చిప్పే. అది త్వరణాన్ని కొలుస్తుంది. కదలకుండా ఉన్నప్పుడు భూమ్యాకర్షణను బట్టి కింద ఎటో చెబుతుంది. అయితే రిమోట్‌ను బల్లకు సమాంతరంగా పట్టుకుని ఎడమకో కుడికో తిప్పితే, ఆకర్షణ దిశ మారదు కాబట్టి ఆ మలుపు దానికి తెలియదు. గురిపెట్టేవాడికి అన్నిటికంటే ఎక్కువ కావలసింది ఆ మలుపే.

ఆ లోటు పూడ్చడానికి రెండోది పెట్టారు: రిమోట్ ముక్కు దగ్గర చిన్న పరారుణ కెమెరా. టీవీ దగ్గర పెట్టే ‘సెన్సర్ బార్’లో సెన్సర్ ఏదీ లేదు, ఉన్నవి పరారుణ దీపాలే. ఆ రెండు కాంతి గుంపులు తన కంటికి ఎక్కడ కనబడుతున్నాయో చూసి, రిమోట్ ఎటు చూస్తోందో కెమెరా లెక్కగడుతుంది. బార్ పాడైతే దాని స్థానంలో రెండు కొవ్వొత్తులు వెలిగించి ఆడినవాళ్లున్నారు. కొవ్వొత్తి మంటలోనూ పరారుణ కాంతి ఉంటుంది కదా.

కన్సోల్‌తోపాటే విడుదలైన ‘రెడ్ స్టీల్’ ఈ కెమెరాను తుపాకీగా మార్చింది. చిక్కు అక్కడే మొదలైంది. తెర మీద ఎక్కడ చూపితే గురి అక్కడికి పోతుంది, బాగానే ఉంది. మరి వెనక్కి తిరగాలంటే? తిరిగితే టీవీ వీపు వెనక్కి పోతుంది! అందుకని తెర మధ్యలో కనబడని ఒక పెట్టె గీశారు. గురిగుర్తు ఆ పెట్టెలో ఉన్నంతసేపు చూపు నిలకడగా ఉంటుంది, అంచు దాటితే అటువైపు తిరుగుతుంది. పెట్టె పెద్దదైతే తిరగడం ఆలస్యం, చిన్నదైతే చూపు కుదురుగా ఉండదు. గురీ, చూపు తిప్పడం అనే రెండు పనుల్నీ ఒకే మణికట్టు మీద వేశారు. చెయ్యి అలసి కాస్త వాలిందంటే కెమెరాకు దీపాలు కనబడవు, గురి తప్పుతుంది. టీవీ వైపు చెయ్యి ఎత్తిపట్టి ఎంతసేపని ఆడగలం?

ఆ తరంలో నాకు మేలైనదిగా తోచేది 2007లో టెక్సస్‌లోని రెట్రో స్టూడియోస్ చేసిన ‘మెట్రాయిడ్ ప్రైమ్ 3’. అందులో ఒక బటన్ నొక్కితే చూపు శత్రువును పట్టుకుని ఉంటుంది, చెయ్యి మాత్రం స్వేచ్ఛగా గురిపెడుతుంది. పనిని విడగొట్టడమే అందులోని కిటుకు. 2009లో వచ్చిన ‘ది కాండ్యూట్’ ఆ కనబడని పెట్టె కొలతను మార్చుకునే వీలు కూడా ఆటగాడికే ఇచ్చింది. ఆ మరుసటి ఏడు చేతిలో ఏదీ లేకుండా ఆడించే కినెక్ట్ వచ్చింది. నొక్కడానికి ట్రిగ్గర్ కూడా లేని పరికరంతో తుపాకీ ఆటకు ఒరిగిందేమీ లేదు.

అసలు మలుపు 2009 జూన్‌లో, రిమోట్ కింద తగిలించే ‘మోషన్‌ప్లస్’ అనే చిన్న ముక్కతో వచ్చింది. అందులో ఉన్నది జైరోస్కోప్. పేరు వినగానే తిరిగే చక్రం గుర్తొస్తుంది కానీ, ఇందులో చక్రం ఉండదు. సిలికాన్ లాంటి పదార్థంతో చేసిన అతి చిన్న ముక్కలు ముందుకూ వెనక్కూ కంపిస్తుంటాయి. పరికరం తిరిగితే, తిరుగుతున్న రంగులరాట్నం మీద నేరుగా నడవబోయినవాడు పక్కకు తూలినట్టు, ఆ ముక్కలు పక్కకు జరుగుతాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త కొరియోలిస్ 1835లో వివరించిన ప్రభావం ఇదే. ఆ పక్క జరుగుడును కొలిస్తే పరికరం ఎంత వేగంగా తిరుగుతోందో తెలుస్తుంది. దీపాలు అక్కర్లేదు, టీవీ వైపు చూపనక్కర్లేదు.

జైరోకు ఒక లోపం ఉంది. దాని లెక్కలో అణువంత తప్పు ప్రతి క్షణం పోగవుతూ పోతుంది. కొంతసేపటికి తాను ఎటు చూస్తోందో అదే మరిచిపోతుంది. కానీ గురికి ఆ లోపం పెద్దగా అడ్డు రాదు. మౌస్‌కు కూడా బల్ల మీద తానెక్కడుందో తెలియదు, ఎంత కదిలిందో మాత్రమే తెలుసు. మిగతాది తెర చూస్తున్న మన కన్ను సరిచేస్తుంది. జైరోను తుపాకీ అనుకోవడం మానేసి, గాలిలో మౌస్ అనుకున్న రోజునే ఈ సమస్య విడిపోయింది.

2015లో నింటెండో వారి రంగుల యుద్ధం ‘స్ప్లటూన్’ ఆ దారి చూపింది. అది ఆటగాడి వీపు వెనక నుంచి చూసే ఆటే అయినా గురి సూత్రం మారదు. స్టిక్‌తో పెద్ద మలుపు, రెండు చేతులూ ఒడిలో ఉంచుకుని కంట్రోలర్‌ను కాస్త వంచి చిన్న సవరణ. చూపు దారి తప్పితే ఒక్క బటన్‌తో నేరుగా వస్తుంది. మనిషి చేతి కదలిక గురించి 1899లోనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త వుడ్‌వర్త్ చెప్పినదానికి ఇది సరిగ్గా సరిపోతుంది. గురి వైపు ముందు ఒక వేగమైన పెద్ద కదలిక, ఆ తర్వాత కంటి సాయంతో చిన్న చిన్న దిద్దుబాట్లు. మొదటిదానికి బొటనవేలు చాలు, రెండోదానికి మణికట్టే కావాలి. 2022లో ‘ఫోర్ట్‌నైట్’, ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ ఆటల ప్లేస్టేషన్ రూపాల్లోనూ జైరో గురి చేరింది. ఎక్స్‌బాక్స్ సొంత కంట్రోలర్లలో మాత్రం జైరో లేదు. అన్ని కన్సోళ్లకూ ఆటలు చేసే కంపెనీలు దీన్ని ముందుకు తేకపోవడానికి అదొక కారణమని నా అభిప్రాయం.

మన దగ్గర ఈ విద్య కన్సోల్ ద్వారా కాకుండా ఫోన్ ద్వారా వచ్చింది. 2010లో ఐఫోన్ 4తో జైరో ఫోన్‌లోకి చేరింది. 2018లో పబ్‌జీ మొబైల్, 2021 జూలైలో దాని భారతీయ రూపం బీజీఎంఐ వచ్చాక, అద్దం మీద వేలు జారే గురితో విసిగిన మన కుర్రాళ్లు ఫోన్‌ను వంచి తుపాకీ కుదుపును ఆపడం నేర్చారు. జైరో గురి పనిచేస్తుందా అని వాళ్లనడిగితే అనుమానం ఎక్కడా వినిపించదు.

మీరూ ఆడుతుంటే, ముందు మీ ఫోన్‌లో జైరో ఉందో లేదో చూసుకోండి. తక్కువ ధర ఫోన్లలో కొన్నిటికి అది ఉండదు. ఉంటే ఆట సెట్టింగ్స్‌లో జైరోస్కోప్‌ను ‘స్కోప్ ఆన్’లో పెట్టండి, సెన్సిటివిటీ తక్కువతో మొదలుపెట్టండి, ట్రైనింగ్ గ్రౌండ్‌లో చెయ్యి కుదిరేదాకా అభ్యాసం చేయండి. పెద్ద మలుపుల్ని బొటనవేలికే వదిలేయండి.