మందులకూ పరీక్షలుంటాయి



పిల్లల డబ్బాలు కట్టి పంపించి, వంటిల్లు సర్దుకుని ఇప్పుడే కాస్త తీరిగ్గా కూర్చుని ఉంటారు. ఈ పూట నేను మీతో మాట్లాడబోయే విషయం కొంచెం బరువైనదే. అయినా ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా ఆస్పత్రి కాగితాలు సంచిలో పెట్టుకుని తిరిగేది మనమే కనుక, తెలుసుకుని ఉండడం మంచిది. లింఫోమా అనే కేన్సరు తిరగబెట్టినప్పుడు రెండు మూడు మందులు కలిపి ఇచ్చి చూస్తారు. ఆ పరీక్షల గురించి చెబుతాను. నేను డాక్టరును కాను, చదివింది పదో తరగతి. ఈ సంగతులు తెలుసుకోవలసిన అవసరం మా ఇంట్లోనే వచ్చిపడింది.

మా అత్తవారిది సోమందేపల్లె. పెనుకొండ దాటాక బెంగుళూరు వెళ్ళే పెద్దరోడ్డు మీద వస్తుంది. వాన చినుకు కోసం ఆకాశం వంక చూసే మెట్ట సీమ. మా పెద్ద ఆడపడుచు కూడా ఆ ఊళ్ళోనే ఉంటుంది. వాళ్ళది వేరుశనగ సేద్యం. మూడేళ్ళ కిందట వదిన మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ లేచింది. నొప్పి లేదు. సాయంత్రమైతే జ్వరం, రాత్రి జాకెట్టు తడిసేంత చెమట, మనిషి చిక్కిపోవడం. మొదట క్షయ అనుకున్నారు. రెండు జబ్బుల లక్షణాలూ ఒకేలా ఉంటాయి కాబట్టి మన దేశంలో ఈ పొరపాటు జరుగుతూనే ఉంటుంది. చివరకు గడ్డలోంచి ముక్క తీసి పరీక్ష చేస్తే లింఫోమా అని తేలింది. ఆరు విడతలు మందులెక్కించారు. గడ్డ కరిగింది, ఊడిన జుట్టు మళ్ళీ వచ్చింది. ఏడాదిన్నర హాయిగా తిరిగింది. అంతలో చంకలో మళ్ళీ చిన్న గడ్డ!

బెంగుళూరు ఆస్పత్రిలో డాక్టరుగారు ఇరవై పేజీల కాగితాల కట్ట చేతికిచ్చి, "కొత్త మందుల కలయిక మీద ట్రయల్ జరుగుతోంది. చదువుకోండి, ఇష్టమైతేనే సంతకం పెట్టండి" అన్నారట. ఆ రాత్రే వదిన ఫోను చేసింది.

"అమ్మీ, నా మీద మందు పరీక్ష చేస్తారంట. నేనేమన్నా ఎలకనా?"

గొంతులో కోపం ఉంది. కోపం కింద భయం ఉంది. మర్నాడే బయలుదేరి వెళ్ళాను.

ముందు జబ్బు సంగతి చూద్దాం. కాలికి దెబ్బ తగిలి చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది చూడండి. అటువంటి చిన్న చిన్న గ్రంథులు మెడలో, చంకల్లో, పొట్టలో కూడా ఉంటాయి. వాటిలో ఉండే లింఫోసైట్లు అనే తెల్లకణాలు రోగాలతో పోరాడతాయి. ఆ కణాలే అదుపు తప్పి పెరిగిపోతే లింఫోమా. ఇందులో హాడ్జ్‌కిన్, నాన్ హాడ్జ్‌కిన్ అని రెండు పెద్ద తెగలు. నాన్ హాడ్జ్‌కిన్‌లో నిదానంగా పెరిగేవీ ఉన్నాయి, వేగంగా పెరిగేవీ ఉన్నాయి. చాలామందికి మొదటి వైద్యంతోనే జబ్బు లొంగుతుంది. కొందరికి మాత్రం తిరగబెడుతుంది.

ఒక మందు చాలదా, ఇన్నెందుకు అని మీరు అడగవచ్చు. బియ్యం డబ్బాలో పురుగు పడితే మనమేం చేస్తాం? ఎండబెడతాం, జల్లిస్తాం, ఆపైన వేపాకు వేస్తాం. ఒకదానికి చావనిది ఇంకోదానికి దొరుకుతుంది. వేపాకు ఒక్కటే వేసి ఊరుకుంటే మిగిలిన నాలుగు పురుగులే మళ్ళీ డబ్బా నింపుతాయి. కేన్సరు కణాలదీ అదే తంతు.

ఈ పాఠం నేర్పినవాటిలో మన తెలుగువాడి మందు కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పనిచేసేవారు. అక్కడ ఆయన బృందం తయారుచేసిన అమైనాప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త కేన్సరు వచ్చిన 16 మంది పిల్లలకిచ్చి, 10 మందికి గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. కాని ఆ గుణం కొన్నాళ్ళే నిలిచింది, జబ్బు తిరగబెట్టింది. అందుకని డాక్టర్లు మందులు కలపడం మొదలుపెట్టారు. 1970లో అమెరికావారు నాలుగు మందుల కలయికతో, ముదిరిన హాడ్జ్‌కిన్ జబ్బు ఉన్న 43 మందిలో 35 మందికి జబ్బు జాడ లేకుండా చేశామని ప్రకటించారు. ఆ నాలుగింటిలో ఒకటి విన్‌క్రిస్టిన్. అది మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు మొక్కలో దొరికింది. అలాగని ఆకులు కోసి కషాయం కాచేరు సుమా! అది విషం. ఆస్పత్రిలో దానిని కొలిచి, జాగ్రత్తగా నరంలోకి ఎక్కిస్తారు.

మరి ఎక్కువ మందులు కలిపితే ఎక్కువ గుణమా? అందరూ అలాగే అనుకున్నారు. నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమాకు 'చాప్' అనే పాత నాలుగు మందుల వైద్యం ఉంది. దానికంటే ఎక్కువ మందులు కలిపిన కొత్త వైద్యాలు మూడు వచ్చాయి. మన సుబ్బారావుగారి మందుకు తోబుట్టువైన మెథొట్రెక్సేట్ కూడా వాటిలో ఉంది. వేగంగా పెరిగే రకాలు వచ్చిన దాదాపు 900 మందిని నాలుగు జట్లుగా చేసి పోల్చి చూసి, 1993లో ఫలితం చెప్పారు. మూడేళ్ళ తర్వాత బతికి ఉన్నవాళ్ళు నాలుగు జట్లలోనూ ఇంచుమించు సగమే. మందుల విషం వల్ల పోయినవాళ్ళు మాత్రం పాత చాప్ జట్టులోనే అందరికంటే తక్కువ. ఆ పోలిక పెట్టకపోతే, ఖర్చూ కష్టమూ ఎక్కువైన వైద్యమే గొప్పదని ఇంకా ఎంతకాలం నమ్మేవారో!

ఇలా పోల్చి చూడడమే ట్రయల్. ఇది మూడు మెట్లుగా సాగుతుంది. మొదటి మెట్టులో కొద్దిమందికి ఇచ్చి, ఎంత మోతాదు ఒళ్ళు తట్టుకుంటుందో చూస్తారు. రెండో మెట్టులో గడ్డ తగ్గుతుందా అని చూస్తారు. మూడో మెట్టులో చాలామందిని తీసుకుని, చీటీలు వేసినట్టుగా కంప్యూటరుతో రెండు జట్లు చేస్తారు. ఒక జట్టుకు వాడుకలో ఉన్న వైద్యం, ఇంకో జట్టుకు కొత్త కలయిక.

"చీటీలెందుకు? ఎవరికి ఏది మంచిదో డాక్టరుకు తెలియదా?" అని వదిన అడిగింది. నేను తడబడ్డాను. అరుగు మీద కూర్చున్న అన్నయ్య, అంటే వదిన భర్త, అందుకున్నారు. "కదిరి ఆరు విత్తనం మొదట వచ్చినప్పుడు ఏం చేసినాము? సగం చేనులో అది, సగం చేనులో పాత టిఎంవి రెండు వేసినాము కదా. కొత్తది పల్లంలో, పాతది మెరకలో వేసుంటే ఏమి తెలిసేది? కొత్తది బాగా కాసిందంటే అది విత్తనం గొప్పా, పల్లంలో తేమ గొప్పా?" వదిన తల ఊపింది. ఒంట్లో బలమున్న రోగులందరికీ కొత్త మందూ, నీరసించినవాళ్ళకు పాత మందూ ఇస్తే మందు గుణం ఎన్నటికీ తేలదు. చీటీ వేస్తే బలవంతులూ బలహీనులూ రెండు వైపులా సమంగా పడతారు. నా పుస్తకాల మాటలకంటే అన్నయ్య చేను మాటే వదినకు బాగా ఎక్కింది.

తిరగబెట్టిన లింఫోమా మీద జరిగిన మూడు సంగతులు చెబుతాను, వినండి.

మొదటిది గెలిచిన కథ. నిదానంగా పెరిగే రకాలు తిరగబెట్టిన 358 మందికీ రిటుక్సిమాబ్ అనే మందు ఇచ్చారు. దానికి తోడుగా సగం మందికి లెనాలిడొమైడ్, తక్కినవాళ్ళకు మందు లేని ఉత్త గొట్టాలు ఇచ్చారు. ఉత్త గొట్టాలు వచ్చినవాళ్ళకూ అసలు వైద్యం ఆగలేదు, గమనించండి. 2019లో ఫలితం వచ్చింది. జబ్బు ముదరకుండా ఉన్న కాలం, నడిమి లెక్కన, ఒంటి మందుతో 14 నెలలు, జంట మందులతో 39 నెలలు. అయితే తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోవడం ఒంటి మందుతో నూటికి 13 మందిలో, జంట మందులతో నూటికి 50 మందిలో కనిపించింది. లాభానికి ధర ఉంటుందన్నమాట. ఈ రిటుక్సిమాబ్‌నే హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ కంపెనీ తన సొంత తయారీగా 2007లో మన దేశంలో తక్కువ ధరకు తెచ్చింది.

రెండోది సమానమైన కథ. వేగంగా పెరిగే రకం తిరగబెట్టిన 396 మందిలో రెండు గట్టి కలయికలను పోల్చి 2010లో ప్రకటించారు. రెండింటికీ నూటికి సుమారు 63 మందిలో జబ్బు లొంగింది. ఇది కూడా ఫలితమే. ఏది తట్టుకోగలిగితే అది తీసుకోవచ్చని దీనివల్ల తెలిసింది.

మూడోది ఆపేసిన కథ. ఐడెలాలిసిబ్ అనే మందును ఇతర మందులతో కలిపి చేస్తున్న పరీక్షల్లో కొన్నింటిని, కలిపి ఇచ్చినవాళ్ళలో మరణాలూ తీవ్రమైన దుష్ఫలితాలూ ఎక్కువగా కనబడుతున్నాయని 2016లో మధ్యలోనే నిలిపేశారు. పరీక్షలో అపాయం లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. అపాయం ఉండవచ్చు కనుకనే కాపలా ఉండాలి.

ఆ కాపలా మన దేశంలో ఏమిటి? 2009 జూన్ నుంచి ప్రతి ట్రయల్‌నూ ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. 2019లో కొత్త నిబంధనలు వచ్చాయి. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోనిదే పరీక్ష మొదలుపెట్టకూడదు. రోగికి అర్థమయ్యే భాషలో వివరించి సమ్మతి తీసుకోవాలి. చదవలేనివారైతే పరీక్షతో సంబంధం లేని సాక్షి దగ్గరుండాలి. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యమూ నష్టపరిహారమూ ఇవ్వాలి. ఇవన్నీ ఊరికే రాలేదు. 2009లో మన ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కేన్సరు టీకాలు వేసే కార్యక్రమం ఒకటి జరిగింది. అందులో చాలామంది పిల్లలకు తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో దానిని ఆపేశారు. 2013లో పార్లమెంటు సంఘం గట్టిగా తప్పుపట్టింది. కాబట్టి వదిన అడిగిన "నేనేమన్నా ఎలకనా" అన్న ప్రశ్న తెలివితక్కువది కాదు. అడిగి తీరవలసిన ప్రశ్న.

మేమిద్దరం కూర్చుని, పిల్లల నోటుపుస్తకం వెనక పేజీలో ఇలా రాసుకున్నాం. ఇది ఎన్నో మెట్టు పరీక్ష? ఇందులో చేరకపోతే నాకున్న వైద్యం ఏమిటి? రెండు జట్లకూ ఏయే మందులిస్తారు? వాటితో ఒంటికి వచ్చే కష్టాలేమిటి, అర్ధరాత్రి జ్వరం వస్తే ఎవరికి ఫోను చెయ్యాలి? మందులకూ స్కానింగులకూ డబ్బు ఎవరిది, సోమందేపల్లె నుంచి రాకపోకల ఖర్చు ఇస్తారా? మధ్యలో వద్దనుకుంటే మామూలు వైద్యం చేస్తారా? కాగితాలు తెలుగులో ఇస్తారా?

డాక్టరుగారు విసుక్కోకుండా అన్నింటికీ జవాబు చెప్పారు. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నా వైద్యం ఆగదు అన్నారు. తెలుగు కాగితాలు రావడానికి నాలుగు రోజులు పట్టింది. వాటిని వదిన తానే కూడబలుక్కుని చదివింది. రెండు పేజీలు మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. ఆ తర్వాతే సంతకం పెట్టింది.

చీటీలో ఆవిడకు పాత వైద్యమే వచ్చింది. "ఇందులోనూ నాకు పాతదేనా!" అని ముఖం చిన్నబుచ్చుకుంది. నేను 1993 నాటి చాప్ కథ చెప్పాను. కొత్తదే మంచిదని ముందే తెలిస్తే పరీక్ష ఎందుకు? తెలియదు కనుకనే కదా చీటీ. ఇప్పుడు మూడో విడత నడుస్తోంది. చంకలో గడ్డ చేతికి తగలడం లేదు. రేపేమవుతుందో డాక్టరుగారూ చెప్పలేదు, నేనూ చెప్పను. వదిన మాత్రం ఎలక మాట మళ్ళీ ఎత్తలేదు. "మనం పాత విత్తనం సాలులో ఉన్నాములే అమ్మీ. ఏది కాస్తాదో మన తర్వాతోళ్ళకన్నా తెలుస్తాది" అంది మొన్న.

మీ ఇంట్లో ఎవరికైనా మెడలోనో చంకలోనో నొప్పి లేని గడ్డ రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఆలస్యం చేయకండి, డాక్టరుకు చూపించండి. ఎప్పుడైనా అటువంటి కాగితాల కట్ట మీ చేతికి వస్తే భయపడి విసిరేయకండి, మొహమాటపడి సంతకమూ పెట్టకండి. ఇంటికి తెచ్చుకోండి, చదవండి, అడగండి. చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూసే మనం, ప్రాణం సంగతిలో కాగితం తిప్పి చూడకపోతే ఎలా?

సెలవు.