ఈ డ్రెస్సు ఎవరి చేతుల మీదుగా వచ్చింది?

వార్షికోత్సవం దగ్గర పడితే మన హాస్టల్లో డాన్సు ప్రాక్టీసు కంటే ముందు మొదలయ్యేది డ్రెస్సుల ముచ్చటే. ఆదివారం సంతలో రెండు మూడు వందలకే కుర్తీ వస్తుంది. అంత చవకగా ఎలా ఇస్తున్నారని మనలో ఎవరం అడగం, ఇంకో ఇరవై తగ్గించమనే అడుగుతాం.

'సస్టెయినబుల్ ఫ్యాషన్', 'ఎథికల్ ఫ్యాషన్' అనే మాటలు ఇప్పుడు తరచూ వినిపిస్తున్నాయి. నేలను, నీటిని పాడు చేయకుండా, ఎక్కువ కాలం మన్నేలా బట్ట తయారు చేయడం మొదటిది. చేసినవారికి న్యాయమైన కూలి, భద్రత దక్కడం రెండోది. డబ్బున్నవాళ్ళ కబుర్లు మనకెందుకు అనవచ్చు. కానీ ఆ బట్ట వెనుక ఉన్నది ఎక్కువగా మనలాంటి ఇళ్ళ ఆడపిల్లలే.

విత్తనం దగ్గరే చూడండి. మన దేశంలో పండే పత్తి చాలావరకు హైబ్రిడ్. ఆ విత్తనం కావాలంటే చేలో ఒక్కొక్క పువ్వునూ చేత్తో పట్టుకోవాలి. సాయంత్రం మొగ్గ విప్పి మగ భాగాన్ని తీసేస్తారు. మర్నాడు పొద్దున వేరే రకం మొక్క పుప్పొడిని దానికి అంటిస్తారు. దీన్నే క్రాసింగ్ పని అంటారు. 2000 ప్రాంతంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల విత్తనపు చేలలో వేలాది మంది బాలికలు ఈ పనిలో ఉన్నారని పరిశోధకులు బయటపెట్టారు. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ముట్టేది, పిల్ల బడి మానేసేది. చిన్న వేళ్ళయితే పని సున్నితంగా సాగుతుందని చెప్పేవారు గానీ అసలు సంగతి కూలి తక్కువ కావడమే.

తరువాత నూలు. తమిళనాడు మిల్లుల్లో 'సుమంగళి' అనే పద్ధతి నడిచింది. మిల్లు హాస్టల్లో ఉండి మూడేళ్ళు పనిచేస్తే చివర్లో పెళ్ళి ఖర్చుకు ఒకేసారి డబ్బు ఇస్తామనేవారు. మధ్యలో మానేస్తే ఆ డబ్బు దక్కేది కాదు. స్వేచ్ఛగా బయటికి వెళ్ళనిచ్చేవారు కాదు. వారిలో ఎక్కువ మంది దళిత కుటుంబాల పిల్లలేనని 2011లో వెలువడిన 'క్యాప్చర్డ్ బై కాటన్' నివేదిక చెప్పింది. హాస్టల్ అంటే మనకు చదువు, వాళ్ళకు షిఫ్టు.

కుట్టే చోట ఏం జరుగుతుందో 2013 ఏప్రిల్ 24న ప్రపంచమంతా చూసింది. బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. గోడలు బీటలిచ్చాయని ముందురోజే తెలుసు. అయినా కార్మికులను లోపలికి పంపారు.

మరి వేరే దారి లేదా అంటే, మన దగ్గరే ఉంది. హైదరాబాదు కేంద్రంగా ఉజ్రమ్మ గారు, మరికొందరు కలిసి 'మల్ఖా' బట్టను తెచ్చారు. మల్‌మల్, ఖాదీ అనే రెండు మాటలు కలిపి పెట్టిన పేరు ఇది. మామూలుగా పత్తిని గట్టిగా బేళ్ళు కట్టి దూరపు మిల్లులకు పంపి, అక్కడ మళ్ళీ విప్పుతారు. ఈ నొక్కుడులో పత్తి మెత్తదనం పోతుంది. మల్ఖాలో ఆ బేళ్ళ పని లేదు. పత్తి పండే చోటుకు దగ్గరలోనే చిన్న యూనిట్లలో వడికి, చేతి మగ్గం మీద నేస్తారు. నీలిమందు, మంజిష్ఠ, దానిమ్మ తొక్కల వంటి వాటితో రంగులద్దుతారు. ఇదంతా పాతకాలం పని అనుకోవద్దు, ఆ బట్టతో నేటి కుర్తీలు, టాపులు కుడుతున్నారు.

అయితే 'ఎకో' అని అట్ట ముక్క తగిలించినదల్లా నిజం కాదు. పోచంపల్లి పేరుతో ప్రింటు బట్ట అమ్మేవారు ఎందరో! అసలు ఇక్కత్‌లో దారాన్నే ముందుగా చిటికి కట్టి రంగులో ముంచి, ఆ తరువాత నేస్తారు. అందుకే డిజైను రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, అంచులు కొద్దిగా చెదిరినట్లుంటాయి. ప్రింటుదైతే తిరగేస్తే వెలిసినట్లుంటుంది. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు ఉందేమో కూడా చూడాలి.

ధర మాటకొస్తే, మన కాస్మెటిక్ చార్జీలతో చేనేత కుర్తీ కొనలేము. కొనమని చెప్పడానికి మాకూ నోరు రాదు. కానీ అక్క లంగాఓణీని చెల్లికి చుడీదార్‌గా కుట్టించడం, ఫంక్షన్‌కు ఒకరి డ్రెస్సు ఒకరు వేసుకోవడం మనం ఎప్పటినుంచో చేస్తున్నదే. పట్నంలో దీన్నే కొత్త ఫ్యాషన్ అంటున్నారు! ఉద్యోగాల్లో స్థిరపడిన మన పూర్వ విద్యార్థుల సంగతి వేరు. వారు పండుగకు ఒక్క జతయినా చేనేత సంఘంలో కొనగలరు. మొదటిసారి ఉతికేటప్పుడు విడిగా నానబెట్టి, నీడలో ఆరేయండి.