బ్రెయిన్ స్ట్రోక్: ఆక్సిజన్ పెడితే మెదడు తేరుకుంటుందా? స్కానింగ్‌లు ఏం తేల్చాయంటే..

బ్రెయిన్ స్ట్రోక్ వచ్చిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లగానే ఇంట్లో వాళ్లు అడిగే మాట.. ‘ఆక్సిజన్ పెట్టారా?’ అని. రక్తం అందక మెదడు దెబ్బతింటోంది కాబట్టి ఆక్సిజన్ ఎక్కువ ఇస్తే మంచిదే కదా అనుకుంటారు. వినడానికి సబబుగానే ఉన్నా, పరిశోధనలు చెప్పేది మాత్రం అంత సూటిగా లేదు.

మెదడులో ఏం జరుగుతుంది?

రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే మధ్యభాగంలోని కణాలు నిమిషాల్లోనే చనిపోతాయి. చుట్టూ ఉన్న భాగం మాత్రం కొన్ని గంటలు కొనఊపిరితో ఉంటుంది. డాక్టర్లు దీన్ని ‘పెనంబ్రా’ అంటారు. ఎంఆర్ఐలో డిఫ్యూజన్ స్కాన్ బాగా దెబ్బతిన్న చోటును చూపిస్తుంది. పర్ఫ్యూజన్ స్కాన్ రక్తం సరిగా అందని చోటునంతా చూపిస్తుంది. ఈ రెండింటి మధ్య కనిపించే తేడానే ఇంకా కాపాడుకోగలిగే భాగం.

16 మందిపై ప్రయోగం

అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ డాక్టర్లు 16 మంది రోగులపై చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. కొందరికి మాస్కు ద్వారా నిమిషానికి 45 లీటర్ల చొప్పున 8 గంటలు ఆక్సిజన్ ఇచ్చారు. మిగతావారు మామూలు గాలే పీల్చారు. 4 గంటల తర్వాత చూస్తే, ఆక్సిజన్ తీసుకున్నవారి స్కాన్‌లో దెబ్బతిన్న భాగం తగ్గింది. అయితే తర్వాతి స్కాన్‌లలో ఆ తేడా నిలబడలేదు. 3 నెలల తర్వాత రెండు గ్రూపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కూడా లేదు.

మరి అందరికీ ఇస్తే?

బ్రిటన్‌లో 8,003 మందితో చేసిన భారీ అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. ముక్కు గొట్టంతో తక్కువ మోతాదు ఆక్సిజన్ ఇచ్చినా వైకల్యం తగ్గలేదు.

2025లో చైనా నుంచి కాస్త ఆశ కలిగించే ఫలితం వచ్చింది. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన 282 మందిపై అధ్యయనం చేశారు. గడ్డను తీసే చికిత్సతో పాటు 4 గంటలు ఆక్సిజన్ ఇచ్చినవారిలో 90 రోజులకు వైకల్యం తక్కువగా ఉంది. అంటే దారి తెరుచుకుంటేనే ఆక్సిజన్‌తో ప్రయోజనం కనిపించింది. దీన్ని మరిన్ని దేశాల్లో పరీక్షించాల్సి ఉంది.

కుటుంబ సభ్యులు గుర్తుంచుకోవాల్సిందిదే..

స్కాన్ బాగుపడటం వేరు.. మనిషి లేచి నడవడం వేరు. రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గకుండా చూడాలన్నది అమెరికన్ మార్గదర్శకాల సూచన. తగ్గనివారికి అదనంగా ఇవ్వాల్సిన పని లేదు. మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి పట్టు తప్పినా ఆక్సిజన్ సిలిండర్ కోసం వెతుకుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా ఉండే గడువు నాలుగున్నర గంటలే.